ఖగవీర్‌కి సున్నా తీసిన ముహూర్తం

"ఇప్పుడే వద్దండీ. ముందు ఆయన్ని ఎవరైనా సొంత మనిషితో కాసేపు నవ్వుకోనివ్వండి," అని డాక్టర్ తిలోత్తమ చెప్పడం అది మూడోసారి. వినేవాళ్లెవరు? పంతులుగారు హారతి వెలిగించేశారు. నిర్మాత రాజారత్నం గారు కొబ్బరికాయ పట్టుకుని వాచీ చూసుకుంటున్నారు. కెమెరాకి బొట్టు పెట్టిన చేత్తోనే ఎవరో మహానుభావుడు పక్కనున్న యంత్రానికి కూడా బొట్టు పెట్టాడు, అదీ సరిగ్గా సెన్సర్ మీద. డాక్టరమ్మ రుమాలుతో దాన్ని తుడుస్తుంటే, శుభమా అని పెట్టిన బొట్టు తుడుస్తుందేమిటీవిడ అని వెనకనుంచి గొణుగుడు వినిపించింది.

ఆ యంత్రం తాలూకు టోపీ తలకి తగిలించుకుని స్టూలు మీద కూర్చున్నాయన పేరు అచ్యుతం. డబ్బింగ్ ఆర్టిస్టు. ఆయన మొహం మీకు తెలియదు గానీ గొంతు మాత్రం చచ్చినట్టు తెలుసు. పరభాషల నుంచి వచ్చి తెలుగులో గర్జించిన హీరోలు సగం మంది ఆయన గొంతుతోనే గర్జించారు. కృష్ణానగర్‌లో రెండు గదుల వాటాలో ఒక్కడే ఉంటాడు. భార్య పోయి చాలా కాలమైంది, పిల్లల్లేరు. వంట ఆయనే చేసుకుంటాడు, ఉప్పు ఎక్కువైందని చెప్పే దిక్కు కూడా లేదు.

ఇక ఖగవీర్ సంగతి. ఒకప్పటి ఆదివారం బొమ్మల కథల్లో వాణ్ని చదవని పిల్లలు లేరు. రెండు వందల ఏళ్ల తర్వాతి హైదరాబాద్‌లో మిగిలిన ఆఖరి మనిషి వాడు. నీలం డ్రెస్సు, ఎర్ర బూట్లు, భుజం మీద మాట్లాడే మరచిలుక. ఆ చిలుక వేసే జోకులకే పుస్తకం కొనేవాళ్లం. కొత్త సినిమా తీస్తున్న దర్శకుడు ధీరజ్ మొట్టమొదట ఆ చిలుకనే పీకేశాడు. ఎర్ర బూట్లు పోయి తుప్పు పట్టిన ఇనప బూట్లొచ్చాయి. పాటల్లేవు, ఎండ లేదు, సినిమా అంతా నల్లటి వాన. ఆఖరి మనిషికి జోకులెలా వస్తాయండీ, వాడికి భరించలేనంత ఒంటరితనం ఉండాలి, చూసేవాడికది ఎముకల్లోకి దిగాలి అని ధీరజ్ వాదన. కాదనడానికి లేదు. కానీ నటించిన ఒంటరితనం వద్దు, అసలుదే కావాలన్నాడు. అందుకే డాక్టరమ్మని, ఆవిడ యంత్రాన్ని తెచ్చుకున్నాడు. మొహం హెల్మెట్లో దాగిపోయే వేషం కాబట్టి, ఒంటరివాడని అచ్యుతం గారినే ఖగవీర్‌గా పెట్టుకున్నాడు.

యూనిట్ కుర్రాళ్లు దానికి మూడ్ టోపీ అని పేరు పెట్టారు. పని చేసే తీరు కష్టమేమీ కాదు. మనసులో ఒక భావం కలిగినప్పుడు మెదడులో ఒక రకమైన విద్యుత్ లయ నడుస్తుంది. టోపీ ఆ లయని పట్టి సినిమాతో పాటు రికార్డు చేస్తుంది. థియేటర్లో సీటుకి తలానించే చోట ఒక పట్టీ ఉంటుంది, అది అదే లయని ప్రేక్షకుడి మెదడులో మెల్లగా రేపుతుంది. తెర మీద ఖగవీర్‌కి ఎంత దిగులో, సీట్లో మీకూ అంతే దిగులు. రికార్డులో దిగులు ఏ గీత దాకా ఉందో పట్టీ అక్కడిదాకా నింపి ఆగిపోతుంది, మీలో అప్పటికే గీత దాకా ఉంటే అసలు పొయ్యదు.

అయితే ఒక్క మెలిక. ఎవరి మెదడు వారిది కాబట్టి మొత్తం భావాన్ని కొలవడం కుదరదు, తేడానే కొలవాలి. కిరాణా కొట్టు కాటా చూశారుగా. ముందు ఖాళీ డబ్బా పెట్టి సున్నా నొక్కుతాడు, తర్వాత నూనె పోస్తాడు. ఇక్కడా అంతే. మనిషి హాయిగా, తన వాళ్ల మధ్య ఉన్నప్పుడు సున్నా తియ్యాలి. ఆ తర్వాత పుట్టిన దిగులంతా లెక్కలోకొస్తుంది. డబ్బాలో ముందే నూనె ఉండగా సున్నా నొక్కితే ఆ నూనె తూకానికి రాదు.

అందుకే డాక్టరమ్మ ముందు రోజే అచ్యుతం గారిని అడిగింది, మీ వాళ్లని ఒకరిద్దర్ని తీసుకురండి అని. ఆయన చాలాసేపు ఆలోచించి, సువర్చల గారున్నారండీ అన్నాడు. అలా ఒక మనిషి పేరు చెప్పగలిగినందుకు ఆయన మొహం వెలిగింది కూడా.

సువర్చల హీరోయిన్లకి గొంతు ఇస్తుంది. ఏళ్ల తరబడి అచ్యుతం గారూ ఆవిడా తెర మీద ప్రేమించుకున్నారు, పోట్లాడుకున్నారు, ఒకరి ఒళ్లో ఒకరు ప్రాణాలు వదిలారు. మనుషులుగా కలుసుకున్నది మాత్రం తక్కువ. పూర్వం అందరూ ఒకే మైకు చుట్టూ నిలబడి డబ్బింగ్ చెప్పేవాళ్లు. ఇప్పుడు ఎవరి ట్రాక్ వారిది. ఆవిడ పొద్దున వచ్చి చెప్పి వెళ్తుంది, ఈయన మధ్యాహ్నం ఆ మాటలు హెడ్‌ఫోన్లో వింటూ జవాబులు చెబుతాడు. ఎప్పుడు మొదలైందో గానీ, సువర్చల తన మొదటి డైలాగుకి ముందు ఈయన కోసం ఒక మాట వదిలేది. "అచ్యుతం గారూ, ఇవాళ జలుబు చేసింది, మీ హీరోని కాస్త దూరంగా నిలబడమనండి" అనో, "ఏం కూర?" అనో. ఈయన తన ట్రాక్ చివర బెండకాయ వేపుడండీ అని చెప్పేవాడు. మర్నాడు అది విని ఆవిడ నవ్వేది. ఆ నవ్వు కూడా ట్రాక్‌లో ఉండేది. తర్వాత సౌండ్ ఇంజనీరు అవన్నీ కత్తిరించేసేవాడు. అచ్యుతం గారికి రోజు మొత్తంలో తనని ఉద్దేశించి ఎవరైనా అన్న మాట ఏదైనా ఉందంటే అదే.

సువర్చల తప్పకుండా వస్తానంది. కాకపోతే ఆ రోజు వాళ్ల వీధికి నీళ్లొచ్చే రోజు. పట్టుకుని బయల్దేరేసరికి ఆలస్యమవుతుంది, కాస్త ఆగమంది. నీళ్లు ఆగుతాయా, ముహూర్తం ఆగుతుందా? ముహూర్తం దాటితే వర్జ్యం వస్తుందని పంతులుగారు అన్నారు. తొలి షాట్ ఖగవీర్ మీదే పడాలని రాజారత్నం గారు పట్టుబట్టారు. ముక్కూ మొహం తెలియని రెండు వందల మంది మధ్య స్టూలు మీద చేతులు కట్టుకుని కూర్చున్న మనిషి మీద క్లాప్ కొట్టారు, కొబ్బరికాయ కొట్టారు, డాక్టరమ్మ చేత సున్నా నొక్కించారు. అందరూ చప్పట్లు కొట్టి టిఫిన్లకి వెళ్లిపోయారు.

సువర్చల పులిహోర డబ్బాతో వచ్చేసరికి ఫ్లోర్ ఊడుస్తున్నారు. ఆవిడా అచ్యుతం గారూ ఒక చెక్కపెట్టె మీద కూర్చుని డబ్బా ఖాళీ చేశారు. ఆయన గట్టిగా నవ్వడం డాక్టరమ్మ దూరం నుంచి చూసింది. వెంటనే వెళ్లి, మళ్లీ సున్నా తీద్దామని నిర్మాతని అడిగింది. ముహూర్తపు షాట్ రీటేక్ చెయ్యడమా, ఈ పరిశ్రమలో అలాంటి పని చేసి బాగుపడ్డవాడు లేడని ఆయన కొట్టిపారేశారు. ఆవిడకీ ఓపిక నశించింది. పెద్ద తేడా ఏం ఉంటుందిలే అనుకుంది. చదువుకున్నావిడ అలా అనుకోకుండా ఉండాల్సింది.

షూటింగ్ మొదలైంది. శిథిలమైన నగరం సెట్లో, నల్లటి వానలో, హెల్మెట్ కింద టోపీతో అచ్యుతం గారు నడిచాడు. ఫైట్లు వేరేవాళ్లవి, గొంతూ గుండే ఈయనవి. ఇంతా చేస్తే మానిటర్ మీద గీత సున్నా దగ్గరే పడుకుంది. వారం గడిచినా లేవలేదు. ఈయనకి ఒంటరితనమే లేదండీ, మంచి హుషారు మనిషిని తెచ్చి పెట్టారు అని ధీరజ్ చిరాకుపడ్డాడు. ఇలాగైతే హీరోని మార్చాల్సిందే అన్నాడు. అచ్యుతం గారు భయపడిపోయాడు. జీవితంలో మొదటిసారి తెర మీద పేరు వెయ్యబోతున్నారు మరి.

ఈయన ఎవరితో మాట్లాడుతున్నాడో ఆరా తీశారు. టీ అబ్బాయిని పలకరిస్తాడు. సాయంత్రాలు డబ్బింగ్ స్టూడియోకి వెళ్లి మిగిలిన పని చేసుకుంటాడు, అక్కడ ఈ సువర్చల మాటలు. ఇంకేం, దొంగ దొరికింది. సినిమా విడుదలయ్యే దాకా ఎవరితోనూ మాట్లాడకూడదని కాగితం మీద సంతకం పెట్టించారు. మిగిలిపోయిన ముక్కలు తీసే ప్యాచ్ షాట్లకి ఎప్పుడు పిలిచినా మనసు అదే స్థితిలో ఉండాలట. ఫోను తీసేసుకున్నారు. షూటింగ్ జరిగే స్టూడియోలోనే ఒక గదిచ్చారు. టీ ఫ్లాస్కులో పెట్టి గుమ్మం దగ్గర వదిలేసేవారు.

సంతకం పెట్టే ముందు అచ్యుతం గారు డాక్టరమ్మని ఒక్కటే అడిగాడు.

"నేనెందుకు పలకడం లేదో ఆవిడకి ఒక్క మాట చెప్పి రావచ్చాండీ?"

"చెబితే ఆవిడ ఎదురుచూస్తున్నారని మీకు తెలిసిపోతుంది కదండీ. గీత లేవదు," అంది తిలోత్తమ. ఆ మాట అన్నందుకు తర్వాత ఆవిడ చాలా బాధపడింది, కానీ అప్పటికి అనేసింది.

డబ్బింగ్ స్టూడియోలో సువర్చల కొన్నాళ్లు మామూలుగానే మాట వదిలింది. ఏం కూర అంది. గొంతు బాగుందా అంది. కోపమా అంది. జవాబు రాలేదు. ఆయనిప్పుడు హీరో అయిపోయాడమ్మా, ఇక్కడికి రాడు అని సౌండ్ ఇంజనీరు చెప్పాడు. మంచిదే అనేసి ఆవిడ ఆ రోజు నుంచి తన డైలాగులు తాను చెప్పుకుని వెళ్లిపోయింది.

ఇక్కడ గీత లేవడం మొదలుపెట్టింది. ముందు కాస్త, తర్వాత ఇంకాస్త. పెద్దగా ఏం కాదు, బెత్తెడు. ధీరజ్ ఆ బెత్తెడుకే ఎగిరి గంతేశాడు. ఆ బెత్తెడు ఏమిటో గదిలో ఉన్న మనిషికి తెలుసు. సువర్చల మాట లేని సాయంత్రాలు అవి.

సినిమా విడుదలైంది. మరచిలుక లేదని మొదట తిట్టుకుంటూ వెళ్లినవాళ్లే అరగంటకి నోరు మూసుకున్నారు. ఖగవీర్ ఒక పాత రేడియో ముందు కూర్చుని, దాన్నుంచి ఎవరైనా పలుకుతారేమోనని చూసే సీను ఉంది. అక్కడ పట్టీలు పని మొదలుపెట్టాయి. హాలంతా గొల్లున ఏడ్చింది. పక్కవాళ్లెవరో తెలియకపోయినా చేతులు పట్టుకున్నారు. ఇంటర్వెల్ దాకా ఆగలేక సగం మంది ఫోన్లు చెవిన పెట్టుకుని బయటికి పరిగెత్తారు. విడిపోయిన మొగుడూ పెళ్లాలు, మాటల్లేని అన్నదమ్ములు, ఎప్పటి స్నేహితులో, అందరూ గుర్తొచ్చారు. ఏ థియేటర్లో చూసినా ఇదే గోల. మనిషన్నవాడు ఇంతకన్నా ఒంటరిగా ఉండలేడని టీవీల్లో చెప్పుకున్నారు.

అచ్యుతం గారు మ్యాట్నీకి వచ్చి మధ్య వరుసలో కూర్చున్నాడు. సినిమా అయ్యాక హాల్లో మిగిలింది ఆయనొక్కడే. తిలోత్తమ వచ్చి పక్కన కూర్చుంది. ఆవిడ కళ్లు కూడా వాచి ఉన్నాయి. ఎలా అనిపించిందని అడిగింది.

"మీ యంత్రం ఈ ఆటకి వెయ్యలేదేమోనండీ. నాకేం తేడా తెలియలేదు," అన్నాడాయన.

ఆవిడ ఆయన తల వెనక పట్టీ చూసింది. దీపం వెలుగుతూనే ఉంది. ముహూర్తం నాడు తీసిన సున్నా సంగతి మొత్తం చెప్పింది, కిరాణా కాటా దగ్గర నుంచి.

అచ్యుతం గారు శ్రద్ధగా విన్నాడు. "అయితే ఇంతమంది ఏడ్చింది, సువర్చల గారి మాట వినపడని ఈ కొన్ని నెలలకేనా?"

"అంతేనండీ."

"అంతకుముందుది?"

"అది సినిమాలోకి ఎక్కలేదు," అంది ఆవిడ, తల దించుకుని.

ఆయనకి కోపం రాలేదు. ఇప్పుడిక సినిమా వచ్చేసింది కదా, కాగితం గడువు తీరినట్టేనా అని అడిగాడు. తీరిందంది. ఆ పొద్దునే తిరిగిచ్చిన ఫోను తీసి సువర్చలకి చేశాడు. ఆవిడ ఉదయం ఆట చూసిందట, అక్కడ గేటు దగ్గర కుర్రాడు చెప్పాడు, ఏడ్చుకుంటూ వెళ్లిందని. మీరు ఫోన్ చేసిన వ్యక్తి వేరొకరితో మాట్లాడుతున్నారు అని ఫోను చెప్పింది. మళ్లీ చేశాడు. అదే. మంచిదే కదండీ, ఆవిడకీ ఎవరో ఉన్నారు, అన్నాడు తిలోత్తమతో. అనడానికైతే అన్నాడు గానీ గొంతు వణికింది. ఎన్ని గొంతులు మార్చినవాడో, ఆ వణుకు దాచుకోలేకపోయాడు.

అంతలో తిలోత్తమ ఫోను మోగింది. సినిమా చూసి వాళ్ల అక్క చేసింది, ఎప్పుడో ఇంటి గొడవల్లో మాటలు మానేసిన అక్క. తిలోత్తమ ఫోను వంకా ఆయన వంకా చూసింది.

"మాట్లాడండమ్మా, నేనిక్కడే ఉంటాను," అన్నాడు అచ్యుతం గారు.

ఆవిడ బయటికి వెళ్లింది. తర్వాతి ఆటకి హాలు ఊడవడానికి మనుషులొస్తే ఆయన లేచి మెట్ల మీద కూర్చున్నాడు, ఫోను ఒళ్లో పెట్టుకుని. ఆ సాయంత్రం ఊరంతా ఫోన్లో ఎవరో ఒకరితో మాట్లాడుతూనే ఉంది. ఖాళీగా ఉన్నది అచ్యుతం గారి ఫోనొక్కటే. ఎవరు చేసినా వెంటనే కలిసేది.