మైనం బొట్టు

నిరుపమని మొదటిసారి చూసినప్పుడు నేనన్న మాట తలుచుకుంటే ఇప్పటికీ నాలుక కరుచుకుంటాను.

ఆక్లాండ్ శివారు హెండర్సన్‌లో బోట్లు బాగుచేసే వర్క్‌షాప్. ట్రెయిలర్ మీద నా జెట్ స్కీ, అంటే నీళ్ల మీద పరిగెత్తే స్కూటర్ లాంటిది; కొని పట్టుమని పదకొండు రోజులు కాలేదు. పక్కన నేను, ఫోన్లో అమ్మ.

"ఇంకా చూడలేదమ్మా. ఎవరో పిల్ల అటూ ఇటూ తిరుగుతోంది. మెకానిక్ రావాలి."

ఆ పిల్ల చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "మెకానిక్ వచ్చి పావుగంటయింది. మీ ఫోన్ అయిపోతే ప్రాబ్లమ్ ఏందో చెప్పుండ్రి," అంది అచ్చమైన కరీంనగర్ తెలుగులో.

నా పేరు రవికిరణ్. మాది కాకినాడ. ఆక్లాండ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని, అంటే ఎదుటివాళ్ల తప్పులు వెతికి జీతం తీసుకుంటాను. నాకు ఈత అంతంతమాత్రం. అలాంటివాడికి జెట్ స్కీ ఎందుకని అడక్కండి. పక్కింటాయన, ఇక్కడే పుట్టిన కీవీ, కొన్నాడు, నేనూ కొన్నాను.

"స్టార్ట్ బాగానే అవుతుందండీ. పది నిమిషాలకి దగ్గి ఆగిపోతుంది. అరగంట వదిలేస్తే మళ్లీ మామూలే."

"పెట్రోల్ అందుతలేదు," అంది నిరుపమ.

పంప్ చూసింది, ఫిల్టర్ చూసింది, ఇంజెక్టర్లు చూసింది. నీళ్ల పైపు తగిలించి అరగంట నడిపింది. నా బండి ఒక్క దగ్గు దగ్గలేదు. బుద్ధిమంతుడిలా గుర్రుమంటూ నిలబడింది.

"దీనికేం లేదు. దగ్గు మీకుందేమో, డాక్టర్‌కి చూపించుకోండ్రి."

ఆ శనివారం సముద్రంలో మళ్లీ ఆగింది. మళ్లీ తీసుకెళ్లాను. ఆపై శనివారం కూడా అంతే. వెళ్లిన ప్రతిసారీ దారిలో ఆగి, వేడినీళ్ల ప్రెషర్ పైపుతో బండిని తళతళలాడేలా కడిగేవాణ్ని. మొదటిసారి కొత్త బండి మోజు; ఆ తర్వాత, ఉప్పూ బురదా ఉన్న బండిని ఆడపిల్ల ముందు ఎలా పెడతాం? నేనూ తల దువ్వుకునేవాణ్ని.

అమ్మకి మాత్రం ఇది దిష్టే. మా అమ్మ రాజేశ్వరమ్మ నాతోనే ఉంటుంది. నీళ్లలోకి దింపే ముందు ప్రతిసారీ బండికి చేసే పూజని, అది ఆగినకొద్దీ ఆవిడ పెంచింది. నిమ్మకాయలు రెండు కాస్తా నాలుగయ్యాయి.

మూడోసారి వెళ్లినప్పుడు నిరుపమ వెక్కిరించలేదు. అదే నన్ను భయపెట్టింది.

"సోమవారంతో నా మూడు నెలల ట్రయల్ అయిపోతది. ఒకే బండి మూడుసార్లు వచ్చిందని బాస్‌కి కోపంగున్నది. తప్పు దొరకకుంటే వేరే పని చూసుకొమ్మన్నడు. జాబ్ పోతే వీసా కూడా కష్టమే," అంది.

నాకు సిగ్గేసింది. ఆ బండి మళ్లీ చెడిపోవాలని, ఇక్కడికి మళ్లీ రావాలని వారమంతా నేను కోరుకుంటూనే ఉన్నాను మరి.

"శనివారం నేను గూడ వస్త. అది ఆగే కాడనే చూడాలె."

శనివారం టె అటాటులో బోట్లు నీళ్లలోకి దింపే ర్యాంప్ దగ్గర సన్నటి తుంపర. అమ్మ పూజ పళ్లెంతో సిద్ధంగా ఉంది. నిరుపమని చూడగానే ఇంటర్వ్యూ మొదలైంది.

"ఏ ఊరమ్మా? అమ్మానాన్నా ఏం చేస్తారు? వంట వచ్చా?"

"ఇంజన్ విప్పుడు వచ్చు ఆంటీ."

"అదీ అవసరమేలే."

ప్రశ్నలు ఆపకుండానే అమ్మ జెట్ స్కీకి ముందూ పక్కలా బొట్లు పెట్టేసింది.

నీళ్లలోకి దిగాం. నేను ముందు, నా లైఫ్ జాకెట్ పట్టీ పట్టుకుని నిరుపమ వెనక. సరిగ్గా పది నిమిషాలకి, నడి నీళ్లలో, బండి దగ్గి ఆగిపోయింది. దానికి తోడన్నట్టు వాన పెద్దదైంది.

నిరుపమ ముందుకి వంగి పెట్రోల్ మూత తిప్పింది. స్స్‌మంటూ గాలి లోపలికి పోయింది. స్టార్ట్ నొక్కింది. ఇంజన్ టక్కున లేచింది.

"ట్యాంక్‌కి ఊపిరాడుతలేదు! పెట్రోల్ ఖర్చయినకొద్దీ లోపలికి గాలి రావాలె. దానికి పక్కన సన్నటి రంధ్రం ఉంటది." పక్కకి ఒంగి తడిమి, గోటితో గీకింది. గోరు నిండా ఎర్రటి ముద్ద. "ఇదేంది?"

"కుంకుమ," అన్నాను నీరసంగా. "కింద మైనం. చెరిగిపోకుండా మా అమ్మమ్మల కాలం నుంచీ మైనం అద్ది, దాని మీద బొట్టు పెడతారు."

"మరి వర్క్‌షాప్‌ల నాకెందుకు కనబడలే?"

"వేడినీళ్లతో కడిగి తెచ్చేవాణ్ని."

"మూడుసార్లు?"

"మూడుసార్లూ."

"రిపేర్‌కి తెచ్చే బండిని ఎవరన్న గంత శుభ్రంగ కడుగుతరా? ఎందుకు?"

ముక్కు చివరి నుంచి వాననీళ్లు కారుతున్నాయి. పారిపోదామంటే చుట్టూ సముద్రం, నాకేమో ఈత అంతంతమాత్రం.

"మొదటిసారి కొత్త బండని. తర్వాత నువ్వు చూస్తావని. నువ్వంటే ఇష్టం, నిరుపమా. ఇది ఆగినప్పుడల్లా నాకు పండగలా ఉండేది. నీ ఉద్యోగం మీదకొస్తుందని తెలీలేదు. తప్పు నాదే."

నిరుపమ ఎర్రటి గోరు నా మొహం ముందు ఆడించింది.

"నా జాబ్‌కి ఎసరు పెట్టి ఇష్టమంటున్నవ్. ముందు ఒడ్డుకి పోనియ్. నీ సంగతి తర్వాత చూస్త."

ఒడ్డు దగ్గర ఐదు నాట్ల వేగం, అంటే గంటకి తొమ్మిది కిలోమీటర్లు, దాటకూడదు. ఆ నత్తనడకకి ఎవరూ ఎవర్నీ పట్టుకోనక్కర్లేదు. నిరుపమ చేతులు పట్టీ వదిలేసి నా నడుము చుట్టూ ఉన్నాయి. ఎందుకని నేను అడగలేదు.

సంగతి విని అమ్మ మొహం చిన్నబోయింది. "నా చేత్తోనా?" అంది. తర్వాత చెయ్యి చాపింది. "ఆ బాస్‌కి ఫోన్ కలపవే అమ్మాయ్."

నిరుపమ కలిపింది.

"సార్, ఐ పుట్ బొట్టు. ఐ క్లోజ్ హోల్. గర్ల్ ఫైండ్. గర్ల్ వెరీ గుడ్. సన్ వాష్, సన్ వెరీ ఫూల్."

తర్వాత నిరుపమ అంతా వివరంగా చెప్పి, ఎర్రటి గోటి ఫోటో పంపింది. అవతల బాస్ నవ్వు మాక్కూడా వినపడింది. సోమవారం ఎప్పటిలాగే ఎనిమిదింటికి రమ్మన్నాడు. ఫోన్ పెట్టేశాక నిరుపమ మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకుంది. అది వాన మాత్రం కాదు.

అమ్మ ఆమె గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. "అయ్యో, వానకి నీ బొట్టు పోయిందే," అంటూ మైనం డబ్బా తీసి నుదుటి మీద అద్ది, కుంకుమ గుండ్రంగా దిద్దింది. "ఇది ఎంత తడిసినా పోదమ్మా. మా ఇంట్లో అందరికీ ఇదే అలవాటు."

నిరుపమ సిగ్గుపడుతూ నావైపు చూసింది.

"నువ్వు మాత్రం వేడినీళ్లు పట్టుకుని రాకు," అంది.