కుక్క వల్ల

కళ్ళజోళ్ళ షాపు అమ్మాయికీ లెక్కలబాబుకూ పరిచయం ఫ్లాట్ల మెట్ల దగ్గర అయింది. ఆమె మెట్ల పైన ఉంది. అతను మెట్ల కింద ఉన్నాడు, ఎడమచెయ్యి విరిగి.

"మా ముసలాయన ఎవర్నీ ఏమీ అనడండీ," అంది, పక్కనున్న తన కుక్కను చూపిస్తూ.

"అనక్కర్లేదు, నా చెయ్యి చూడండి!" అని మూలిగాడతను.

వాచ్‌మన్ వచ్చి ప్రమాదాల పుస్తకంలో, కారణం అన్నచోట "కుక్క వల్ల" అని రాసేశాడు.

రెండు నెలల తర్వాత ఫ్లాట్ల సెక్రటరీగారు ఆ పుస్తకం తిరగేశారు. మూడేళ్ళలో పంతొమ్మిది "కుక్క వల్ల"లు తేలాయి. కుక్కల్ని పంపించెయ్యాలని మీటింగు పెట్టారు.

"పదమూడేళ్ళవాణ్ణి ఎవరికిస్తాను? వాడు పోతే నేనూ ఖాళీ చేసేస్తా," అంది ఆమె లిఫ్టులో లెక్కలబాబుతో.

ఆమె వెళ్ళిపోవడం లెక్కలబాబుకి ఇష్టంలేదు. ఇన్సూరెన్స్ కంపెనీలో అతని ఉద్యోగమే ప్రమాదాల అంచనా. సెక్రటరీగారి దగ్గర పుస్తకం తీసుకుని, ఇంటింటికీ వెళ్ళి అసలేం జరిగిందో అడిగాడు.

మీటింగులో లేచాడు. "పంతొమ్మిదిలో కుక్క కరిచింది రెండుసార్లే. అందులో ఒకటి, తింటున్న కుక్క దగ్గరికెళ్ళిన పాపని. కుట్లు పడ్డాయి, తేలిగ్గా తీసుకోవద్దు. మిగతావాళ్ళు గొలుసు తట్టుకుని పడ్డారు, బెదిరి పడ్డారు. ఒకాయన కుక్కకి స్నానం చేయిస్తూ జారారు."

సెక్రటరీగారు దగ్గారు.

"అదే పుస్తకంలో తడిమెట్ల మీద జారినవాళ్ళు ముప్పై నలుగురు. మెట్లని ఎవరూ ఖాళీ చెయ్యమనలేదు."

"మరి మీ చెయ్యో?" సెక్రటరీగారు వదల్లేదు.

"ఆ రోజు కుక్క నిద్రపోతోందండీ."

"నిద్రపోయే కుక్కని చూసి పడ్డారా?"

"కుక్కని చూడలేదు." అతని చెవులు ఎర్రబడ్డాయి. "పక్కనున్నావిడని చూశాను."

హాలంతా గొల్లుమంది. ఆ నవ్వులోనే ఓటింగు అయిపోయింది. కుక్కలు ఉండొచ్చు, బయటికొస్తే గొలుసు ఉండాలి, అవి తినేటప్పుడు పిల్లలు దగ్గరికి వెళ్ళకూడదు.

అందరూ వెళ్ళాక ఆమె పుస్తకం అందుకుంది. ముసలాయన వచ్చి లెక్కలబాబు చెప్పు వాసన చూశాడు. అతను కళ్ళు మూసుకున్నాడు గానీ కదల్లేదు.

"తప్పు లెక్క ఉంచకూడదు కదండీ," అంటూ ఆమె అతని పేజీ తెరిచింది. "కుక్క" అన్న మాట కొట్టేసి, పైన "నా" అని రాసింది.