బస్‌స్టాపులో బెంచీ

"దీని ప్లగ్గు ఏదండీ?" అని అడిగింది రిపేరు షాపు ఆంటీ.

తాతయ్య పాత లాప్‌టాప్ ఆవిడ బల్ల మీద పొట్ట విప్పుకుని పడుంది. ఇటుకంత లావు. స్క్రీనుకు వెళ్లే సన్నటి వైర్లు చివర ఏమీ లేకుండా వేలాడుతున్నాయి.

"ఈ వైర్ల చివర తెల్లగా, చిన్నగా ఒకటి ఉండాలి. కనెక్టర్ అంటారు. అది లేకపోతే స్క్రీను వెలగదు."

తాతయ్య ఇంజనీరమ్మ వైపు చూశాడు. ఇంజనీరమ్మ సీలింగు ఫ్యాను వైపు చూసింది.

ఇంజనీరమ్మ అంటే తాతయ్య మనవరాలే. ఐదో తరగతి. స్క్రూడ్రైవర్ కనపడితే చేతులు ఊరుకోవు కనక ఇంట్లో అందరూ అలా పిలుస్తారు.

"నాకు తెలీదు. దానంతటదే ఆరిపోయింది," అంది.

"దానంతటదే ఊడి, దానంతటదే నడిచి వెళ్లిపోయిందన్న మాట," అన్నాడు కళ్లజోడు తాతయ్య.

ఆయన పక్కింటాయన. తాతయ్యా ఆయనా రోజూ సాయంత్రం ఈ లాప్‌టాప్‌లోనే చదరంగం ఆడతారు. మామూలు బోర్డు మీద ఆడితే తగువే. ఒకాయన మంచినీళ్లకు లేస్తే రెండో ఆయన బంటు జరిపాడని గొడవ. కంప్యూటరయితే ఎవరినీ జరపనివ్వదు. ఇప్పుడు నడుస్తున్న ఆట వానాకాలంలో మొదలైంది, ఇంకా తేలలేదు. అది ఈ లాప్‌టాప్ లోపలే ఉండిపోయింది.

ఆదివారం కళ్లజోడు తాతయ్య ఇల్లు ఖాళీ చేసి, కూతురున్న ఊరికి వెళ్లిపోతున్నాడు.

"ఆట తేలకుండా వెళ్తే, నేనే గెలిచానని వీడు అక్కడ అందరికీ చెప్పుకుంటాడమ్మా," అన్నాడు తాతయ్య. కోపంగానే అన్నాడు గానీ, లాప్‌టాప్ మీద నుంచి చెయ్యి తీయలేదు.

ఆంటీ డబ్బా నిండా ఉన్న ప్లగ్గులు బల్ల మీద పోసింది. ఒకటి ఏరింది.

"ఇదే. కళ్లు మూసుకుని చెప్తా."

అది పట్టలేదు.

"అయితే ఇది. సందేహమే లేదు."

అదీ పట్టలేదు. తరవాత ఆవిడ ఏమీ చెప్పకుండా ఒక్కొక్కటీ పెట్టి చూసింది. ఒకటి లావు, ఒకటి సన్నం, ఒకటి దూరి మళ్లీ బయటికి జారింది.

"వీటిలో బోలెడు రకాలు తాతగారూ. అసలుది విరిగిందైనా సరే, కళ్లతో చూస్తే జత వెతుకుతాను. చూడకుండా ఎట్లా?"

"పోనీలే," అన్నాడు తాతయ్య. "వదిలెయ్ రా. ఆట లేదంతే."

కళ్లజోడు తాతయ్య తల ఊపాడు. ఇద్దరూ మాట్లాడకుండా కూర్చున్నారు. వాళ్లిద్దరూ ఒకచోట ఉండి మాట్లాడకపోవడం ఇంజనీరమ్మ ఎప్పుడూ చూడలేదు.

"అది బస్‌స్టాపులో ఉంది," అంది మెల్లిగా.

కళ్లజోడు తాతయ్య గొడుగు తీసుకుని లేచాడు. "పదండి, ఎవరైనా తొక్కేస్తారు."

"ఆ బస్‌స్టాపు కాదు. మా స్కూల్లోది."

అప్పుడు మొత్తం చెప్పింది. దుమ్ము దులుపుదామని లాప్‌టాప్ విప్పింది. వైర్లు పట్టుకుని లాగింది. వైర్లు ఊడి చేతికొచ్చాయి. లోపల మిగిలిన ప్లగ్గును కూడా పీకింది. భయమేసి మూత బిగించేసింది. మర్నాడు క్లాసులో 'మా వీధి' అని అట్టతో బొమ్మ వీధి కట్టారు. బస్‌స్టాపుకు బెంచీ కావాలన్నారు. ప్లగ్గుకు వెనక చిన్న గోడ ఉంది, అచ్చం బెంచీకి ఉన్నట్టే. జిగురు పెట్టి అంటించేసింది.

"బెంచీ చాలా బాగుందని టీచర్ అద్దాల బీరువాలో పెట్టారు," అంది తల దించుకుని.

తాతయ్య వేలాడుతున్న వైర్లను మెల్లిగా లోపలికి సర్దాడు. తిట్టి ఉంటేనే బాగుండేది.

మర్నాడు టీచరుకు కూడా ఇదంతా మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది. టీచర్ బీరువా తెరిచి, స్కేలుతో బెంచీని మెల్లిగా లేపింది. బెంచీతో పాటు దాని మీద కూర్చున్న మట్టి మనిషి కూడా వచ్చేశాడు. జిగురు అంత గట్టిది.

సాయంత్రం షాపులో ఆంటీ భూతద్దం పెట్టి చూసింది.

"ఈయనెవరు?"

"బస్సు కోసం చూస్తున్నాడు," అంది ఇంజనీరమ్మ.

"కాస్త లెమ్మను," అని ఆంటీ మట్టి మనిషిని పట్టకారుతో తీసి పక్కన కూర్చోబెట్టింది. జిగురు గోకి, ప్లగ్గును తిప్పి చూసింది. "అదీ సంగతి. దీని గొళ్లెం పక్కన కాదు, అడుగున ఉంది. నేను పక్కన ఉన్నవే వెతికాను."

అటక మీది పాత సామాన్లలోంచి ఒక చచ్చిపోయిన ప్రింటరును దింపింది. దాని కడుపులో సరిగ్గా అలాంటిదే ఉంది. వైర్లు దానికి అతికించి, లాప్‌టాప్‌లో పెట్టి నొక్కింది. టిక్కుమంది. స్క్రీను వెలిగింది.

"నా ఏనుగు ఇక్కడ కాదు ఉండాల్సింది!" అన్నాడు కళ్లజోడు తాతయ్య.

"కంప్యూటరు మీద కూడా అనుమానమేనా?" అన్నాడు తాతయ్య.

హమ్మయ్య అనుకుంది ఇంజనీరమ్మ.

శనివారం ఆట తేలింది. తాతయ్య ఓడిపోయాడు. ఇంకో ఆట ఆడదామని ఇద్దరూ అనుకున్నారు గానీ, సామాను కట్టాలి.

ఆదివారం పొద్దున్న వ్యాను వచ్చింది. పెద్దవాళ్లంతా వీధిలో ఉన్నారు. పక్కింటి ఖాళీ గదిలో ఒక కుర్చీ మిగిలితే ఇంజనీరమ్మ దాని మీద కూలబడింది. కింద పుటుక్కుమంది.

లేచి చూస్తే కళ్లజోడు. ఒక కాడ విరిగిపోయింది.

గదిలో ఎవరూ లేరు. కిటికీ పక్కనే చెత్తబుట్ట ఉంది.

ఇంజనీరమ్మ మోకాళ్ల మీద వంగి, కాడ తీసింది. కుర్చీ కింద చెయ్యి పెట్టి వెతికి, కాడను బిగించే ఆవగింజంత మరను కూడా పట్టుకుంది. అన్నీ గౌను జేబులో వేసుకుని వ్యాను దగ్గరికి వెళ్లింది.

"తాతయ్యగారూ, మీ కళ్లజోడు మీద కూర్చున్నాను. నేనే. ఇదిగో కాడ, ఇదిగో మర. ఏదీ పోలేదు."

కళ్లజోడు తాతయ్య వాటిని చేతిలోకి తీసుకుని చూసి, మళ్లీ ఆమె చేతిలోనే పెట్టాడు. తరవాత డ్రైవరు వైపు తిరిగాడు.

"ఇంజను ఆపు నాయనా. ఇది బాగయ్యేదాకా కదలడానికి లేదు. నాకు దారి కనపడొద్దూ?"

తాతయ్య అప్పటికే అరుగు మీద లాప్‌టాప్ తెరుస్తున్నాడు.

"కళ్లజోడు లేకుండా ఏం ఆడతావురా?"

"నీతో ఆడటానికి కళ్లు కూడా కావాలా?"

ఇంజనీరమ్మ ముక్కలన్నీ రుమాలులో మూటకట్టి, మర ఉందో లేదో ఇంకోసారి చూసుకుని, ఆంటీ షాపు వైపు నడిచింది. పరిగెత్తలేదు. ఈ ఒక్కసారికి మెల్లిగానే నడిచింది.