పదమూడో చుక్క

కాకినాడలో ఎవరికైనా చెద సోకిందని తెలిస్తే మర్నాటికల్లా ఆ ఇంటి గుమ్మం ముందు చెప్పులు గుట్టపడతాయి. చేతిలో కాజాల డబ్బాలతో చుట్టాలు దిగుతారు. పైకి అది పరామర్శ. అసలు సంగతి వేరు. "మావయ్యా, మీ భుజాల మీద కూర్చుని నేను మొదటిసారి సముద్రం చూశాను, గుర్తుందా? అప్పట్లో సముద్రం అంత దూరంలో ఉండేది" అని ఒకరు మొదలుపెడతారు. ఇంకొకరు పెళ్లి వీడియో పట్టుకొస్తారు. వదినా ఆడపడుచులు ఎదురెదురుగా కూర్చుని ముఖాలు మాడ్చుకుంటారు. అందరికీ కావలసింది ఒకటే, రోగి పన్నెండింట్లో తమకో చోటు.

ఈ చెద గోడలకు పట్టేది కాదు, మెదడుకు పట్టేది. మన మెదడులో మైక్రోగ్లియా అనే కణాలుంటాయి. తెలుగులో వాటికి ఊడ్పుకణాలని పేరు పెట్టారు. నాడీకణానికీ నాడీకణానికీ మధ్య కోట్లాది సంధులుంటాయి, వాటినే సినాప్సులంటారు. మన జ్ఞాపకాలు ఆ సంధుల్లోనే నిలిచి ఉంటాయి. వాడకంలో లేని సంధిని ఊడ్పుకణం మింగేసి చోటు ఖాళీ చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అది మేలే. కానీ వయసు మీరిన కొందరిలో ఈ కణాలకు విచక్షణ పోతుంది. చిత్తుకాగితాలతోపాటు దస్తావేజులు కూడా పారేసే పనిమనిషిలా, కనబడ్డ సంధినల్లా మింగుతూ పోతాయి. ఏడాది తిరిగేసరికి మనిషి మిగులుతాడు, లోపల ఎవరూ మిగలరు.

దీన్ని నయం చేసే మందు 2091 నాటికి కూడా లేదు. ఉన్నదల్లా రక్షముద్ర. 'నన్ను తినకు' అని ఊడ్పుకణానికి చెప్పే ప్రోటీన్ అది. ప్రొఫెసర్ ప్రణీత్ గారి ఘనత ఏమిటంటే, ఆ ప్రోటీన్ ఏ క్షణాన ఏ సంధి పనిచేస్తోందో ఆ సంధి మీదే తయారయ్యేలా చేయడం. రోగిని కుర్చీలో కూర్చోబెట్టి, వైరస్ కలిపిన ఆవిరి పీల్పించి, కాపాడుకోవాలనుకున్న జ్ఞాపకాన్ని నలభై నిమిషాలు తలుచుకోమంటారు. తలుచుకున్నంత మేరా ముద్ర పడుతుంది. అయితే ఆ వైరస్‌ని మన ఒళ్లు పన్నెండు సార్లకు మించి తట్టుకోదు. అందుకే పన్నెండు జ్ఞాపకాలు. మనిషి బతుకంతా పన్నెండుకు కుదించుకోవాలన్నమాట.

డాక్టర్ ఆదెమ్మ కాకినాడ ఆస్పత్రిలో ఈ ముద్రలు వేసే ముద్రగదికి పెద్ద. వయసు ముప్పై ఆరు. ముత్తవ్వల పేర్లు మళ్లీ మోజైన కాలంలో పుట్టింది కాబట్టి ఆ పేరు. ఆస్పత్రికి వచ్చే ముసలివాళ్లంతా లాస్యలూ జస్వంత్‌లూ అయితే, వైద్యం చేసేవాళ్లు ఆదెమ్మలూ అప్పలస్వాములూను.

పదేళ్లుగా ఆమె వందలమందికి ముద్ర వేసింది. అంతా సవ్యంగానే సాగేది, ఒక్క చిక్కు తప్ప. ముద్ర నిలిచిన రోగులు కూడా మధ్యమధ్య పన్నెండింట్లో లేని మాట ఏదో అనేవారు. సామర్లకోట నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మనవల పేర్లన్నీ చక్కగా చెప్పి, చెప్పి, ఉన్నట్టుండి "గడియ తీయండి, లోపల పిల్లుంది" అనేది. ఎవరి పిల్ల, ఏ తలుపు అని కొడుకుల్ని అడిగితే వాళ్లు చూపులు తప్పించుకున్నారు. ప్రణీత్ గారు రాసిన చేతిపుస్తకంలో దీనికి 'శేషవాగుడు' అని పేరు. పట్టించుకోనక్కర్లేదని ఉంది. ఆదెమ్మ పట్టించుకోలేదు.

ఆయన మాటంటే ఆమెకు వేదం మరి. ఆదెమ్మ తల్లి చందన రొయ్యల షెడ్డులో పనిచేసేది. తండ్రి లేడు. చందనకు చిన్న వయసులోనే చెద మొదలైతే, ప్రణీత్ గారు చేస్తున్న తొలి ప్రయోగాల్లో నాలుగో రోగిగా చేరింది. అప్పటికి ఆదెమ్మకు తొమ్మిదేళ్లు. గది బయట టేకు బెంచీ మీద కాళ్లూపుకుంటూ కూర్చుంది. ఎవరో గులాబీరంగు క్రీం బిస్కట్ల ప్యాకెట్ తెచ్చిచ్చారు. అది అయిపోయేసరికి ప్రణీత్ గారు బయటికొచ్చి, ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని చెప్పారు. "జబ్బు ముదిరిపోయిందమ్మా. మీ అమ్మ ఇక లేదు. ఆఖరుగా నీ పేరే పిలిచింది."

ఆ ఒక్క మాట పట్టుకుని ఆదెమ్మ బతికింది. మనుషుల్ని మరిచిపోయే జబ్బులో కూడా అమ్మ తనను మరిచిపోలేదు. హాస్టల్లో ఏడుపొచ్చినా, పరీక్ష పోయినా ఆ మాటే తలుచుకునేది. ఆమెను చదివించింది ప్రణీత్ గారే. పండగలకు తీసుకెళ్లింది ఆయన భార్య లాస్య గారే.

అలాంటి ప్రణీత్ గారికే డెబ్బయ్యో ఏట చెద పట్టింది.

ఆయన కంగారు పడలేదు. పట్టిక తనే రాసుకున్నారు. "నన్ను మూడు చోట్ల పెట్టారే అమ్మాయ్" అని లాస్య గారు కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. ఆదెమ్మ డాక్టరైన రోజు ఏడోది.

"బెంగుళూరు నుంచి ఎవరినైనా పిలిపిద్దాం సార్. మీకు వేయడం నా వల్ల కాదేమో" అంది ఆదెమ్మ.

"నువ్వే కూర్చోవాలి" అన్నారాయన. "ఇంకొకళ్లని నేను నమ్మను."

అంతే, పన్నెండు వారాలు ఆమే కూర్చుంది. ప్రతిసారీ ఆవిరి వదిలేముందు చేతిపుస్తకంలోని వాక్యమే చెప్పేది. "సార్, ఇది తప్ప వేరే ఏదీ తలుచుకోకండి." ఆయన ఆమె ముఖంకేసి ఒకసారి చూసి, గట్టిగా కళ్లు మూసుకునేవారు. ఒక్కోసారి నుదుట చెమట పట్టేది. ముసలితనం అనుకుంది ఆదెమ్మ. "రోజురోజుకీ మీ అమ్మ పోలిక వచ్చేస్తోందమ్మా నీకు" అన్నారు ఒకరోజు, లేచి వెళ్తూ.

ఆరు నెలలు గడిచాయి. జబ్బు ఎవరూ ఊహించనంత వేగంగా పనిచేసింది. ఒకనాటి పొద్దున్న ఆదెమ్మ ఆయన్ని పటయంత్రం కింద పడుకోబెట్టింది. ముద్ర ఉన్న సంధులు మెదడు పటంలో చుక్కలుగా వెలుగుతాయి. ఆ యంత్రం మాట్లాడుతుంది కూడా.

"ఎన్ని నిలిచాయి?" అని అడిగింది ఆదెమ్మ.

"ఒకటి" అంది యంత్రం.

"పన్నెండింట్లో ఒకటేనా?"

"పన్నెండింట్లో ఒక్కటీ లేదు. ఒక పూత వేసిన ముద్రను ఈ రోగి ఊడ్పుకణాలు మింగేశాయి. నిలిచింది పదమూడోది. దాని మీద పన్నెండు పూతలున్నాయి. పన్నెండు వారాలూ ఆ జ్ఞాపకం వెలిగింది."

"పన్నెండు వారాలూ ఆయన వేర్వేరు సంగతులు తలుచుకున్నారే."

"తలుచుకున్నారు. వాటితోపాటు ఇదీ వెలిగింది. ఇది ఏమిటో నాకు తెలియదు."

ఆదెమ్మ ఆ చుక్క వెలిగేలా మీట నొక్కింది. కొన్నాళ్లుగా గొంతు పెగలని మనిషి కళ్లు తెరిచి ఆమెను చూశారు. ఆ కళ్లలో గుర్తుపట్టిన మెరుపు కనబడి ఆమె పొంగిపోయింది.

"చందన గారూ" అన్నారాయన. "ఇంకొంచెం ఓర్చుకోండి. రీడింగ్ బాగా వస్తోంది." ఎవరో బదులు చెప్పినట్టు ఆగారు. "తెలుసండి. పాప బయటే కూర్చుంది. బిస్కట్లు ఇప్పించాను." మళ్లీ ఆగారు. "పేరు గుర్తు రావట్లేదా? వస్తుందండి, వస్తుంది. కంగారు పడకండి."

అంతలో ముఖం ఎర్రబడి, ఒళ్లంతా చెమటలు పట్టి, "ఆపండమ్మా" అని మూలిగారు. ఆ మాట చందనకు చెప్పింది కాదు, యంత్రం కింద పడుకున్న ముసలాయన ఆదెమ్మకు చెప్పింది. ఆదెమ్మ చేయి దానంతటదే మీట మీదికి వెళ్లి ఆపేసింది.

ఆ మధ్యాహ్నం ఆమె అన్నం తినలేదు. పాత దస్త్రాలున్న గదికి వెళ్లి నాలుగో రోగి ఫైలు తీసింది. ఉష్ణోగ్రత నూట మూడు దాటగానే యంత్రం హెచ్చరించింది. ఆ తర్వాత పదకొండు నిమిషాలు ప్రయోగం సాగింది. ఆవిరి మోతాదు ఎంత ఉండాలో తేల్చిన గ్రాఫు గీత, ఇవాళ వేలమందికి ముద్ర వేయిస్తున్న గీత, ఆ పదకొండు నిమిషాల్లో పుట్టిందే. మరణకారణం దగ్గర 'వ్యాధి ముదరడం' అని ప్రణీత్ గారి చేతిరాత. చేతిపుస్తకంలో మొట్టమొదటి నియమం ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. నూట మూడు దాటితే తక్షణం ఆపాలి. ఆ నియమం ఆస్పత్రిలో అందరికీ కంఠతా వచ్చు. ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం ఎవరూ అడగలేదు.

వేరే ఎవరు పక్కన కూర్చున్నా ఆయనకు లాస్య గారూ పెళ్లీ ప్రయాణాలూ మిగిలేవేమో. ఆయన నమ్మి కూర్చోబెట్టుకున్నది ఆదెమ్మను, అచ్చం చందన పోలిక వచ్చిన ముఖాన్ని. ఆ ముఖం ఎదురుగా పెట్టుకుని ఒకదాన్ని తలుచుకోకూడదని పన్నెండుసార్లు పళ్ల బిగువున పోరాడారు. రక్షముద్రకు మన ఇష్టాయిష్టాలతో పనిలేదు. వెలిగిందా లేదా అన్నదే చూస్తుంది.

మిగతా రోగుల పటాలు కూడా తీయమంది ఆదెమ్మ యంత్రాన్ని. మూడువందల పన్నెండు మందిలో రెండువందల తొంభై మందికి పదమూడో చుక్క ఉంది. సామర్లకోట పెద్దావిడకు మిగతా అన్ని చుక్కలకన్నా అదే పెద్దది. వేరే ఏదీ తలుచుకోవద్దని వాళ్లందరికీ చెప్పింది ఆదెమ్మే.

ఆమెకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ కోపం కన్నా బలమైనది ఇంకొకటి అడ్డుపడింది. ఆయన ఆపమన్న చోటుకి అమ్మకు పేరు గుర్తు రాలేదు. ఆ తర్వాత వచ్చిందా? 'ఆఖరుగా నీ పేరే పిలిచింది' అన్నది నిజమా, అబద్ధమా? ఆ సంగతి తెలిసిన చోటు ఈ లోకంలో ఒక్కటే, ఆ చుక్క.

ముద్ర ఏడాదికోసారి మలిపూత వేయకపోతే చెరిగిపోతుంది. మలిపూతకు మళ్లీ వైరస్ అక్కర్లేదు గానీ, ఒళ్లు వేడెక్కినా సరే ఆ జ్ఞాపకాన్ని మొదటినుంచి చివరిదాకా వెలిగించాలి. ఆరు నెలలకే వేయాలంటే ఇంటివాళ్ల సంతకం కావాలి.

"ఒక్కటే మిగిలింది ఆంటీ" అంది ఆదెమ్మ, మర్నాడు పొద్దున్నే లాస్య గారితో. "అది మీ గురించి కాదు. ఏవో పాత ప్రయోగం మాటలు. బలహీనంగా ఉన్నారు. వద్దన్నా తప్పులేదు."

"పని మాటలైతేనేం లేమ్మా" అన్నారు లాస్య గారు. "అదీ పోతే ఆ గొంతే వినబడదు కదా. చివర్లో నా పేరేమైనా వస్తుందేమో. ఉండనీ." సంతకం పెట్టి, గది బయట బెంచీ మీద కూర్చున్నారు. పాత భవనం సముద్రంలో కలిసినప్పుడు ప్రణీత్ గారు పట్టుబట్టి కొత్తదానికి మోయించుకొచ్చిన టేకు బెంచీ అది. ఆ చెక్క మీద ఆయనకు అంత మమకారం ఏమిటో అప్పట్లో ఎవరికీ అంతుపట్టలేదు.

పొద్దున్న పదింటికి ఆదెమ్మ మీట నొక్కింది.

"చందన గారూ, ఇంకొంచెం ఓర్చుకోండి" అని మొదలైంది. పాప, బిస్కట్లు, పేరు. ఆమె ఊపిరి బిగబట్టి వింటోంది.

"ఉష్ణోగ్రత నూట మూడు" అంది యంత్రం. "ఆపమంటారా?"

"ఆపండమ్మా" అన్నారు ప్రణీత్ గారు. "మంటగా ఉంది. ఆపండి."

"ఇంకొంచెం ఓర్చుకోండి సార్" అంది ఆదెమ్మ. "చివరికొచ్చేసింది."

"నియమం ప్రకారం ఆపాలి."

"నేను చూసుకుంటాను. కానివ్వు."

ఆయన చేతులు కుర్చీని పట్టుకున్నాయి. కళ్ల వెంట నీళ్లు కారిపోతున్నాయి. "వస్తుందండి" అన్నారు. "పేరు వస్తుంది. మొదటి అక్షరం..." నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. ఆదెమ్మ ఆయన పెదవులకు చెవి ఆనించింది. వేడి ఊపిరి తగిలింది గానీ మాట రాలేదు. ఒక నిమిషం చూసింది. ఇంకొక నిమిషం చూసింది. ఆ తర్వాత ఎన్ని చూసిందో ఆమెకు తెలియదు.

"పటంలో చుక్కలేవీ లేవు" అంది యంత్రం. "వేడికి ఆ కణాలు చనిపోయాయి."

"మనిషో?"

"ఊపిరి ఉంది. ఇక మాట్లాడరు."

గోడ గడియారం ప్రకారం, యంత్రం హెచ్చరించి పదకొండు నిమిషాలైంది.

ఆదెమ్మ ఆయన ముఖం తుడిచింది. కళ్లు మూసింది. చేతులు కడుక్కుని, తలుపు తీసుకుని బయటికి వచ్చింది. లాస్య గారు బెంచీ మీంచి లేవబోయి, లేవలేక, ఆమె చేయి పట్టుకున్నారు.

"ఏమైందమ్మా? ఏమన్నారు?"

ఆదెమ్మ ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఎదురుగా ఉన్న ఆ చూపు ముందు ఇంకేం చెప్పడానికీ నోరు రాలేదు.

"జబ్బు ముదిరిపోయింది ఆంటీ. ఇక మాట్లాడరు" అంది. "ఆఖరుగా మీ పేరే పిలిచారు."

లాస్య గారు ఆమె భుజం మీద తల ఆనించి ఏడ్చారు. ఆ మాట తన నోట్లోంచి వచ్చాక గానీ, ఇరవై ఏడేళ్ల కిందట ఇదే బెంచీ మీద తాను విన్నదేమిటో ఆదెమ్మకు తెలిసిరాలేదు.