వేదిక కింద పేజీ తిప్పిందెవరు?

రాత్రి తొమ్మిదిన్నరకి వాచ్‌మన్ నాటకశాల గేటుకి గొలుసు వేసి, బయట మెట్ల మీద కూర్చుని అన్నం డబ్బా విప్పాడు. ఆ వేళకి వేదిక కింద, వాద్యబృందం కూర్చునే గుంటలో ఎవరూ ఉండరు. ఉండరనే అందరి నమ్మకం.

ఆ గుంటకి చెడ్డపేరుంది. ఈ సంగీత నాటకాన్ని ఎప్పుడో మొదటిసారి ఆడినప్పుడు, మొదటి కుర్చీలో వయొలిన్ వాయించే ఆవిడ సోలో మధ్యలో పక్కకి ఒరిగి ప్రాణం వదిలిందట... విల్లు చేతిలోనే ఉందట. చీకటి పడ్డాక ఊడ్చేవాళ్ళు కూడా ఆ కుర్చీని చుట్టి వెళ్తారు తప్ప కదపరు.

ఇప్పుడు అదే నాటకాన్ని మళ్ళీ ఆడిస్తున్నారు. ఆవిడ సంగతి చెప్పింది ఫ్లూటు వాయించే పెద్దాయన. గుంటలో అందరికీ ఆయన బాబాయి.

వయొలిన్ వాయించే అక్కచెల్లెళ్ళలో మొదటి కుర్చీ చెల్లెలికి వచ్చింది. పక్క కుర్చీ అక్కకి. ఇద్దరికీ ఒకటే స్టాండు, దాని మీద స్వరాలు రాసిన కాగితాలూ ఒకటే. పేజీ చివరికొస్తే పక్క కుర్చీ వాయించడం ఆపి తిప్పాలి, మొదటి కుర్చీ ఆగకూడదు. అది పద్ధతి. ఆ చెల్లెలికి విల్లు పట్టుకోవడం నేర్పింది అక్కే.

"కాస్త ముందే తిప్పక్కా," అంది చెల్లెలు ఆ సాయంత్రం, అందరూ వింటుండగా.

"తిప్పుతుందిలేమ్మా. మా ఇంట్లో ఫ్యానుకి కూడా ఇంత పని లేదు," అన్నాడు బాబాయి.

అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. నవ్వుతూనే చేతిలో ఉన్న పేజీ మూల నలిపేసింది.

ఆ సాయంత్రమే దర్శకుడు సోలోలో రెండు వరసలు తీసేయమన్నాడు. చెల్లెలు వాటి మీద పెన్సిల్‌తో అడ్డగీత గీసుకుంది. ఆ గీత గానీ లేకపోతే... బృందమంతా ముందుకి దూకుతుంది, చెల్లెలొక్కతే పాత దారిలో వాయిస్తూ పోతుంది. మర్నాడే డబ్బు పెట్టినవాళ్ళ ఎదుట పూర్తి రిహార్సలు. అక్కడ తప్పితే కుర్చీ మారిపోతుంది.

చెల్లెలు బయటికి నడవడం చూశాక అక్క మేకప్ గదిలో ఉండిపోయింది. హాలు చీకటయ్యాక గుంటలోకి దిగింది. భుజాన వయొలిన్ పెట్టె. గుప్పిట్లో రబ్బరు.

స్టాండు దీపం వేసింది. గీత చెరిపింది. పొడి ఊదేసింది.

ఇక వెళ్ళిపోవాలి. వెళ్ళలేదు. మొదటి కుర్చీలో కూర్చుంది — ఒక్కసారి... ఖాళీ హాలుకైనా సరే.

వాయించింది. తీసేసిన వరసలతో సహా వాయించింది. పేజీ చివరికొచ్చింది. కాగితం తిరిగింది. ఆగకుండా వాయించింది.

కొంతసేపటికి గానీ తట్టలేదు... పేజీ తిప్పేది తనే కదా. మరి ఇప్పుడు —

విల్లు ఆగింది. దీపం వెలుగు కాగితం వరకే. దాని అవతల, చీకట్లో... ఎవరో ఊపిరి తీసుకున్నారు.

పెట్టె అక్కడే వదిలేసి మెట్లెక్కి వెనక తలుపులోంచి పరుగెత్తింది.

మర్నాడు ఒళ్ళు కాలిపోతుంటే వచ్చి కూర్చుంది. కాగితం చూసింది. అడ్డగీత ఉంది — నల్లగా, ఒత్తి గీసినట్టు. చెల్లెలు దూకాల్సిన చోట దూకింది. హాలంతా చప్పట్లు.

"ఆవిడే బాబాయ్," విరామంలో రబ్బరు సంగతితో సహా అంతా గొణిగేసింది అక్క. "తన కుర్చీ జోలికి రావద్దంటోంది."

అక్క మళ్ళీ ఆ సోలో ఊసెత్తలేదు.

నాటకం మొదలైన కొన్ని రోజులకి, చెల్లెలు విల్లు తుడుచుకుంటుంటే బాబాయి కదిపాడు. "గుంటలో రాత్రిళ్ళు ఎవరో పేజీలు తిప్పుతున్నారటమ్మా..."

చెల్లెలు గుడ్డ పక్కన పెట్టింది.

"నేనే బాబాయ్. చెరిపేసిన గీత మళ్ళీ గీసిందీ నేనే. అక్క బయటికి రాకపోతే అనుమానమొచ్చి వెనక తలుపులోంచి తిరిగొచ్చాను. చెరపడం చూశాను. పట్టుకుందామనే లేచాను."

"పట్టుకోలేదేం?"

"వాయించడం మొదలుపెట్టింది." గొంతు తగ్గించింది. "పేజీ అయిపోతే ఆపేస్తుందని... చెయ్యి దానంతటదే వెళ్ళింది. మిగతాది వినాలనిపించింది."

"మరి దానికి చెప్పకూడదూ? భయపడి చస్తోంది."

"దర్శకుడుగారు గానీ ఆ రాత్రి విని ఉంటే, ఈపాటికి పేజీలు నేను తిప్పుతుండేదాన్ని. దెయ్యమనే అనుకోనీ బాబాయ్."