మూడో ఎర్ర చీటీ

ఎమెట్ ప్రూయిట్ తన పెట్టెను మా కౌంటరు మీద దించి, పక్క వీధిలో కాఫీ తాగి వచ్చేసరికి, వెనక పెరట్లో ఒకమ్మాయి దానికి స్నానం చేయిస్తోంది.

మాటవరసకి అనడం లేదు, నిజంగా స్నానమే. పసుపు రెయిన్‌కోటు వేసుకుని, ఒక చేత్తో సబ్బు నురగ కారుతున్న బ్రష్షు, ఇంకో చేత్తో మొక్కలకి నీళ్లు పట్టే గొట్టం పట్టుకుని ఉంది. పైనుంచి వాన, పక్కనుంచి గొట్టం. మధ్యలో, కరెంటు అలల్ని తెర మీద గీతగా చూపించే అతని పాత ఆసిలోస్కోపు మూతలన్నీ విప్పించుకుని కూర్చుంది. పోయిన మేనత్త ఓపల్ ప్రత్యేకంగా అతనికని వదిలిపోయిన వస్తువు అదొక్కటే.

"ఏయ్, ఏం చేస్తున్నావు? అది కరెంటు వస్తువు" అంటూ పరుగెత్తుకొచ్చాడు ఎమెట్.

"తెలుసు. ప్లగ్గు పీకేశాను" అంది ఆ అమ్మాయి.

అతను గొట్టం లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు. ఆ పెనుగులాటలో పెట్టె కన్నా అతనే ఎక్కువ తడిశాడు. జుట్టులోంచి నీళ్లు కారుతూ నిలబడిపోయిన మనిషిని ఆమె ఎగాదిగా చూసి, "ఎలాగూ తడిశావు, ఆ మూల ఎత్తి పట్టుకో, అడుగు కడగాలి" అంది. కిక్కురుమనకుండా పట్టుకున్నాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. పాపం ఇతని పని అయిపోయిందని అప్పుడే అనుకున్నాను.

నా పేరు రొవీనా. బీవర్టన్‌లో పాత మీటర్లూ, స్కోపులూ బాగుచేసే వర్క్‌షాపులో కౌంటరు నాది. ఒకప్పుడు ఈ ఊళ్లో సగం మంది ఆ పెట్టెలు తయారుచేసే ఫ్యాక్టరీలోనే పని చేశారు. నేనూ చేశాను. ఇప్పుడు రిటైరైన మావాళ్లు జీతం భత్యం లేకుండా ఇక్కడ చేరి, తమ చేతుల మీదుగా పోయినవాటినే మళ్లీ బతికిస్తుంటారు. ఏళ్ల తరబడి పట్టిన దుమ్మూ, సిగరెట్ పొగా వదలాలంటే సబ్బునీళ్లే గతి. కడిగాక వెచ్చటి అలమరాలో వారంపాటు ఆరబెడతాం. మొదటిసారి చూసినవాళ్లందరూ గుండెలు బాదుకుంటారు. గొట్టం కోసం కొట్లాడింది మాత్రం ఎమెట్ ఒక్కడే.

ఆ అమ్మాయి లినేయా హాగెన్. పొద్దున్న స్కూలు బస్సు నడుపుతుంది, ఖాళీ దొరికితే మా దగ్గరే ఉంటుంది. వచ్చి రెండేళ్లయినా ఆమెకి దక్కింది కడిగే పనీ, మూలనున్న కుంటి బల్లా. ఆమె కన్ను మాత్రం వెర్న్ బెంచీ మీద ఉంది. వెర్న్ మా అందరికీ పెద్ద. కిటికీ కింద ఉన్న ఆ బెంచీ ఎవరిదైతే వర్క్‌షాపు తాళాలు వాళ్లవి, ఎవరికీ లొంగని పెద్ద యంత్రాలన్నీ వాళ్ల చేతికే వస్తాయి. వానలు తగ్గగానే వెర్న్ ఆరిజోనా వెళ్లిపోతున్నాడు. బెంచీ లినేయాకి ఇద్దామని అతనికీ ఉంది.

కాకపోతే మా దగ్గర ఒక పద్ధతుంది. బాగుచేసి పంపిన పెట్టె మళ్లీ పాడై తిరిగొస్తే, చేసినవాళ్ల బల్ల పక్కనున్న మేకుకి ఎర్ర చీటీ తగిలిస్తారు. బేస్‌బాల్‌లో లాగే మూడు పడితే ఔట్. బెంచీ మాట మర్చిపోయి మళ్లీ గొట్టం పట్టుకోవాల్సిందే.

ఎమెట్ పెట్టె అలమరాలోంచి బయటికొచ్చాక, ప్రతి శనివారం అతనూ ప్రత్యక్షమయ్యేవాడు. న్యూబర్గ్ దగ్గర హేజెల్‌నట్ తోట ఉంది అతనికి. వేయించిన గింజల సంచీ ఒకటి తెచ్చి మా ముసలాళ్లందరినీ మచ్చిక చేసుకున్నాడు. లినేయా పక్కన స్టూలు వేసుకుని, ఇదేమిటి, అదెందుకు అని ఒకటే ప్రశ్నలు. ఆమె విసుక్కోకుండా చెప్పేది. లోపల వేలు పెట్టేటప్పుడు ఇంకో చెయ్యి జేబులోనే ఉంచుకోమంది. రెండూ పెడితే కరెంటు గుండె మీదుగా పోతుందని భయపెట్టింది.

"నాకు ఇప్పటికే పోయినట్టుంది" అన్నాడు ఎమెట్.

"అయితే నువ్వూ ప్లగ్గు పీకి కూర్చో" అంది తలెత్తకుండా.

తలెత్తలేదు గానీ చెవులు ఎర్రబడ్డాయి. ముసలాళ్లు గింజలు నమలడం ఆపి మరీ విన్నారు.

ఎండిపోయిన కెపాసిటర్లు మార్చి, స్విచ్చులన్నీ తుడిచి, ఒక శనివారం ఆమె మీట వేసింది. ఫ్యాను తిరిగింది. కాసేపటికి లోపల రిలే స్విచ్చు టక్కుమంది. తెర మీదికి సన్నటి పచ్చగీత వచ్చి నిలబడింది. చిన్నప్పుడు మేనత్త దీనికి మైకు తగిలించి తన గొంతు తనకే చూపించేదని ఎమెట్ చెప్పాడు. లినేయా ఎక్కడినుంచో ఒక మైకు వెతికి తెచ్చి తగిలించింది. అతను దాన్ని నోటి దగ్గర పెట్టుకుని మెల్లిగా "లినేయా" అన్నాడు. గీత ఎగిరిపడింది.

"చూశావా, నీ పేరు చెప్తే ఎలా గంతులేస్తోందో."

"వెర్న్ అను" అంది ఆమె.

అన్నాడు. గీత ఇంకా ఎత్తుకి ఎగిరింది. వర్క్‌షాపంతా పగలబడి నవ్వింది, అందరికన్నా గట్టిగా వెర్నే నవ్వాడు. ఎమెట్ కూడా నవ్వాడు గానీ, పెట్టెను ట్రక్కులోకి ఎక్కిస్తున్నప్పుడు అతని మొహం చూస్తే నాకు జాలేసింది. అది బాగైపోయాక ఇక ఏ వంకతో రావాలి?

తర్వాతి శనివారానికే వంక దొరికింది. గీత రావడం లేదంటూ పెట్టె మోసుకొచ్చాడు. లినేయా మూత తీసి లోపలికి ఒకసారి చూసింది, అతని వైపు ఒకసారి చూసింది. చిన్న బల్బుల్లాంటి గాజు వాల్వులు రెండు ఒకదాని చోట ఇంకోటి కూర్చున్నాయి. రోడ్డు గుంతలకి వాల్వులు వదులైతే అవుతాయి గానీ, చోట్లు మార్చుకోవు. ఆమె మారు మాట్లాడకుండా సరిచేసింది. ఏమైందని వెర్న్ అడిగితే వాల్వుల గొడవ అని ఊరుకుంది. వెర్న్ ఆమె మేకుకి ఎర్ర చీటీ తగిలించి వెళ్లాడు.

కొన్నాళ్లకి పెట్టె మళ్లీ వచ్చింది. ఈసారి ఫ్యాను తిరుగుతోంది గానీ రిలే టక్కుమనడం లేదు. లినేయా చిన్న పట్టకారుతో దాని సందులోంచి ఏదో ముక్క లాగి, అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూసింది. హేజెల్‌నట్ చిప్ప.

"మీ ఇంట్లో ఎలకలున్నాయా?" అని అడిగింది.

"ఒకటుంది. చాలా తెలివైంది."

"తెలివైందైతే చిప్ప వదిలిపెట్టి పోదు."

బాగుచెయ్యడం నేర్పిస్తుంటే మనవాడు పాడుచెయ్యడం నేర్చుకున్నాడు. మేకుకి రెండో చీటీ పడింది.

ఆ సాయంత్రం లినేయా పెట్టె బాగుచేసి, పచ్చగీత చూపించి, ట్రక్కును గుమ్మం దాకా తెచ్చుకోమని అతన్ని పంపింది. అతను కౌంటరు దాటుతుంటే ఆపాను. నాకు ఒళ్లు మండిపోతోంది. నీ సరదా నీకు బాగానే ఉంది, ఆ పిల్ల మేకు వైపు ఎప్పుడైనా చూశావా అని నిలదీశాను. చీటీల సంగతీ, బెంచీ సంగతీ, వెర్న్ వెళ్లిపోయే సంగతీ అన్నీ చెప్పి నోటికొచ్చినట్టు చివాట్లు పెట్టాను. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. తనకి తెలీదని, ఇక జన్మలో దాని మూత కూడా తియ్యనని ఒట్టు పెట్టుకున్నాడు. లోపలికి తిరిగెళ్లి, లినేయా మొహం చూడకుండా పెట్టె ఎత్తుకుని వెళ్లిపోయాడు.

అంతే, మళ్లీ రాలేదు. శనివారాలు వస్తున్నాయి, పోతున్నాయి. వాన మాత్రం నాగా పెట్టకుండా వస్తోంది. ట్రక్కు చప్పుడైతే చాలు లినేయా తల గుమ్మం వైపు తిరిగేది. టంకం వేసే కడ్డీని వేడిలో మర్చిపోయి మొన మాడ్చేసింది. ఆ గింజలాయన పెట్టె ఎలా ఉందో ఏమిటో అని ఒకసారి నా దగ్గర మాట తీసింది. బాగుండబట్టే రావడం లేదన్నాను. ఆమె నన్ను అదోలా చూసి పెరట్లోకి వెళ్లిపోయింది.

ఉండబట్టలేక, గింజలు కొనే నెపంతో నేనే అతని తోటకి వెళ్లాను. ఎమెట్ నన్ను షెడ్డులోకి తీసుకెళ్లి ఒక దుప్పటి ఎత్తాడు. కింద పెట్టె. ఇంటికి తెచ్చిన రోజే మీట వేస్తే గీత రాలేదట. తను చెయ్యి పెట్టలేదట. ఇన్నాళ్లూ తను వేసిన వెధవ వేషాల వల్ల లోపల ఏదో నిజంగానే దెబ్బతిందని అతని దిగులు. మాకు తెలియకుండా పక్క ఊరు సేలంలో ఎవరిచేతైనా బాగుచేయిద్దామని తిరుగుతున్నాడు. తెస్తే ఆమెకి మూడో చీటీ పడుతుంది, తేకపోతే ఆమె కనబడదు.

"ఆమెని చూడకుండా ఉండటం నా వల్ల కావడం లేదు రొవీనా. కానీ బెంచీ పోతే ఆమె మొహం ఎలా ఉంటుందో, అది అసలే చూడలేను" అన్నాడు.

నా కోపం కాస్తా కరిగిపోయింది. వచ్చే శనివారం బెంచీ ఎవరిదో వెర్న్ తేల్చేస్తాడని చెప్పాను. వచ్చి ఆ రెండూ నీ పనేనని ఒప్పుకో, ఈ దుప్పటి కింద సంగతి మాత్రం ఎత్తకు అన్నాను. కౌంటరు మనిషి ఇవ్వాల్సిన సలహా కాదని నాకు తెలుసు. అయినా ఇచ్చాను.

శనివారం అందరూ డోనట్లు పట్టుకుని బెంచీ చుట్టూ చేరారు. ఎమెట్ తన టోపీని చేతుల్లో నలిపేస్తూ ముందుకొచ్చాడు. వాల్వులు మార్చింది తనేనని, చిప్ప పెట్టింది తనేనని, ఆ చీటీలు లినేయావి కావని గబగబా చెప్పేశాడు. ఎందుకు చేశావని వెర్న్ అడిగాడు.

"ఆమె పక్కన కూర్చోవడానికి నాకు వేరే దారి తోచలేదు."

ముసలాళ్లు ఒకళ్లనొకళ్లు మోచేత్తో పొడుచుకున్నారు. లినేయా నేలచూపులు చూస్తోంది. వెర్న్ గడ్డం గోక్కుని, నోటిమాట చెల్లదు, పెట్టె పని చేస్తే ఒప్పుకుంటానన్నాడు. ఎమెట్ కిటికీకి అడ్డంగా జరిగాడు. కానీ వెర్న్ అప్పటికే కిటికీలోంచి ట్రక్కులో ఉన్న దుప్పటి మూటని చూసేశాడు. సేలం తీసుకెళ్దామని వెంటపెట్టుకుని తిరుగుతున్న మూట అది.

పెట్టెను తెచ్చి బెంచీ మీద పెట్టారు. మీట వేశారు. ఫ్యాను తిరిగింది, రిలే టక్కుమంది. గీత మాత్రం రాలేదు.

"ఇదీ నేనే పాడుచేశాను" అన్నాడు ఎమెట్ వెంటనే.

"ఏం చేశావు?"

"లోపల ఒకటి... పీకాను."

"ఏదో చూపించు."

ప్లగ్గు పీకి మూత తీశారు. ఎమెట్ బుద్ధిగా ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, రెండో చేత్తో వెతకడం మొదలుపెట్టాడు. ఒక వాల్వు చూపించాడు. అది శుభ్రంగా ఉంది. ఒక తీగ చూపించాడు. అదీ అంతే. నుదుటి మీద చెమట పట్టింది. ఆమె కోసం అబద్ధమాడుతున్నాడని గదిలో అందరికీ తెలిసిపోయింది. వెర్న్ నిట్టూర్చి చొక్కా జేబులోంచి ఎర్ర చీటీ బయటికి తీశాడు.

అప్పుడు లేచింది లినేయా. మీటరు తీసుకోలేదు, టార్చి తీసుకోలేదు, కనీసం వంగి చూడలేదు. ఎమెట్ భుజాన్ని పక్కకి నెట్టి, తీగలు అతికించే పింగాణీ దిమ్మెల వెనక వరసలో ఒక సన్నటి తీగ మీద తిన్నగా వేలు పెట్టింది. దాని టంకం నీటుగా ఊడదీసి, కొస పక్కకి వంచి ఉంది.

"ఇది" అంది.

వెర్న్ కళ్లద్దాలు సర్దుకున్నాడు. "మీటరు పెట్టకుండా ఎలా కనుక్కున్నావమ్మాయ్?"

"కనుక్కోలేదు. నేనే ఊడదీశాను."

ఎమెట్ నోరు వెళ్లబెట్టాడు. నేనూ అంతే. కౌంటరు దగ్గర అతన్ని నిలబెట్టి చివాట్లు పెడుతున్నానే, సరిగ్గా ఆ సమయంలో ఈ మహాతల్లి లోపల కూర్చుని ఈ పని కానిచ్చిందన్నమాట.

"మూడో చీటీ పడితే బెంచీ పోతుందని తెలీదా?" అన్నాడు వెర్న్.

"తెలుసు." ఆమె చూపు వెర్న్ మీద లేదు, ఎమెట్ మీద ఉంది. "చిప్ప దొరికినప్పుడు మరీ వేళాకోళం చేశాను. సిగ్గుపడి ఇతను ఇక పాడుచెయ్యడం మానేస్తాడేమోనని భయమేసింది."

వెర్న్ చేతిలోని చీటీని తిరిగి జేబులో పెట్టుకుని, కుంటి బల్ల దగ్గరికి నడిచి, మేకు మీదున్న రెండూ పీకేశాడు. పాడైన పెట్టెలకే చీటీ గానీ, పాడుచేసిన పెట్టెలకి కాదని తీర్పు చెప్పాడు. మీటరు లేకుండా తప్పు పట్టుకునే మనిషి మళ్లీ దొరకదంటూ తాళాలగుత్తి లినేయా చేతిలో పెట్టాడు. పైకి ఎంత గంభీరంగా ఉన్నా అతని కళ్లు నవ్వుతూనే ఉన్నాయి. మిగతావాళ్లు డోనట్లు తీసుకుని మర్యాదగా నాలుగడుగులు వెనక్కి జరిగారు, ఏమీ మిస్సవకుండా వినపడేంత దూరానికి.

ఎమెట్ నలిగిన టోపీని తలకి పెట్టుకుని పెట్టె వైపు చూపించాడు. "ఇప్పుడు దీన్ని బాగుచేస్తావా?" అని అడిగాడు.

"చేస్తాను. ఇక మీదట నువ్వు మోసుకురానక్కర్లేదు. పాడైతే నేనే మీ ఇంటికొస్తాను."

"ఎప్పుడు పాడుచెయ్యమంటావు?"

"రేపు చెయ్యి. ఆదివారం నాకు బస్సు లేదు" అంది లినేయా.