సాకి చెరువు కట్ట మీద టూరిస్టు

పటాన్‌చెరు బజారులో బెల్లం, మిరపకాయల వ్యాపారం చేసే వెంకటనారాయణ సేట్ చెరువు కట్ట మీద టీ తాగుతూ తాగుతూ కుప్పకూలిపోయాడు. సాసరు రాతిమెట్ల మీద దొర్లుకుంటూ పోయి నీళ్లలో పడింది. గుండెపోటు అన్నారు అందరూ. మెడ వెనక సూదిమొనంత గాయం ఎవరి కంటా పడలేదు.

అది 1971 డిసెంబరు. సరిహద్దుల్లో యుద్ధం నడుస్తోంది.

మర్నాడు పొద్దున్నే హైదరాబాదులో, కిటికీ అద్దాలకు నల్లకాగితాలు అంటించిన గదిలో, చీఫ్ నరసరాజు సిగరెట్ వెలిగించాడు. ఎదురుగా ఏజెంట్ కాశీనాథ్ నిలబడి ఉన్నాడు.

"పోయినవాడు మనవాడు. నువ్వు పటాన్‌చెరు పాత ఊరికి టూరిస్టుగా వెళ్తున్నావు. బొంబాయి కాలేజీలో హిస్టరీ లెక్చరర్‌వి. చెరువు, గుమ్మటాలు, జైన విగ్రహాలు చూడ్డానికి వచ్చావు."

"అసలు పని?"

"కట్ట కింద పల్లంలో డెక్కన్ సిగ్నల్ వర్క్స్ ఉంది. సైన్యానికి వైర్‌లెస్ సెట్లు చేస్తున్నారు. పక్కనే కూలీల గుడిసెలు. బ్లాక్ హెరాన్ ముఠా ఆ ఫ్యాక్టరీని దెబ్బకొట్టబోతోంది. ఎప్పుడు, ఎలా అన్నది చెప్పేలోపే సేట్‌ని లేపేశారు."

"అక్కడ మనకి ఇంకెవరున్నారు?"

"ప్రభావతి. సంగారెడ్డి షావుకార్ల అమ్మాయి. సేట్‌కి అన్న కూతురు. ముఠా నాయకుడు డాక్టర్ క్లైన్ దగ్గర సెక్రటరీ. అటూ ఇటూ రెండు జీతాలు. డబుల్ ఏజెంట్." నరసరాజు బల్ల మీద ఒక కెమెరా పెట్టాడు. "తెల్ల బటన్ ఫొటోకి. ఎర్ర బటన్ బుల్లెట్‌కి. ఒక్కటే బుల్లెట్. పని పూర్తికాగానే ప్రభావతి ఫైల్ క్లోజ్ చెయ్యి."

"ఆమె మనవైపు కాదా సార్?"

"రెండు వైపులా ఉన్నవాళ్లు ఏ వైపూ కారు."

ఇలాంటి ఆర్డరు కాశీనాథ్ ఇదివరకూ విన్నాడు. విని చేసిన పనులు తలుచుకుంటే ఇప్పటికీ ముద్ద దిగదు. అయినా నోరు దాని అలవాటు ప్రకారం "యస్ సార్" అనేసింది.

ఫ్రెంచ్ గడ్డం అంటించుకుని, టోపీ పెట్టుకుని, మెడలో కెమెరాతో బస్సు దిగాడు. పాత ఊరు చెరువును ఆనుకునే ఉంది. శిథిలమైన బాటసారుల సరాయి కమాన్ల కింద గానుగ నూనె, కట్టెలపొగ కలిసిన వాసన. ముక్కు పోయిన ఒక జైన తీర్థంకరుడు దుకాణం గోడకు చేరబడి నిలబడితే, ఎవరో ఆయన భుజం మీద తువ్వాలు ఆరేశారు. గుమ్మటం నీడలో మేకలు నెమరేస్తున్నాయి. ఎన్ని రాజ్యాలు పోయాయో ఈ గట్టున! పోయినవాళ్లంతా తామే గెలిచామనుకుని ఉంటారు.

కట్ట మీది మెట్ల దగ్గర ఆడవాళ్లు బట్టలు ఉతుకుతున్నారు. అందులో పెద్దావిడ తలెత్తింది.

"ఓ పట్నం సారూ! నా ఫోటువ దీస్తవా ఏంది?"

"తీస్తానమ్మా. నీ పేరు?"

"సంగమ్మ. తియ్యి గని, ఉతికిన బట్టలు గూడ పడాలె. గింత తెల్లగ ఊళ్లె ఎవ్వలు ఉతుకరు."

ఏ బటన్ మీద వేలు ఉందో ఒకటికి రెండుసార్లు చూసుకుని క్లిక్ మనిపించాడు. అలా చూస్తున్నప్పుడే వ్యూఫైండర్‌లో ఒక సంగతి కనిపించింది. ఇటు కట్టకు అంచుదాకా నిండిన నీళ్లు. అటు, నీటిమట్టానికి ఎంతో కింద, ఫ్యాక్టరీ రేకుల కప్పులు, గుడిసెలు, మధ్యాహ్నం వంటల పొగ.

కాశీనాథ్‌కి ముఠా ఎత్తు అర్థమైంది. ఫ్యాక్టరీలోకి చొరబడాల్సిన పనే లేదు. చెరువును వదిలితే చాలు!

వెనక హైహీల్స్ చప్పుడు. చందనపు రంగు షిఫాన్ చీర, నల్లకళ్లద్దాలు, పెదాలకు లిప్‌స్టిక్. అంత అందమైన మనిషి ఆ కట్ట మీద నడవడం మేకలకే వింతగా ఉంది.

"ఈ కట్ట ఎవరు కట్టారో తెలుసా అండీ?" కాశీనాథ్ కోడ్ వదిలాడు.

"కట్టినోళ్ల పేర్లు ఎవరికి యాదుంటయి? తెంపినోళ్లవే యాదుంటయి." కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "నేను ప్రభావతి. బాంబు తూములో ఉంది. సూట్‌కేసుల పెట్టి తెచ్చింది నేనే. పన్నెండింటికి పేలుతది."

కాశీనాథ్ వాచీ చూశాడు. పావు తక్కువ పన్నెండు.

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పిన. చిన్నాయనకు చెప్పిన. గందుకే ఆయన లేడు."

ఇద్దరూ తూము మండపంలోకి దిగారు. పాచిపట్టిన రాతిస్తంభాల మధ్య, నీటికి జానెడు ఎత్తున, గూట్లో ఇరికించిన నల్లటి ఇనుప పెట్టె. ప్రభావతి చెప్పులు విడిచి, చీర చెంగు బిగించి, పెట్టెను నెమ్మదిగా బయటికి లాగింది. అంతదాకా గూటి గోడ ఒత్తి ఉంచిన చిన్న మీట పైకి లేవబోతుండగా బొటనవేలితో అదిమి పట్టింది.

"ఇగ గీ ఏలు తీస్తే ఇప్పుడే పేలుతది. తియ్యకపోతే పన్నెండింటికి పేలుతది," అంది మామూలుగా.

"బాగా చెప్పావు ప్రభా." పై మెట్టు మీదనుంచి విదేశీ యాసలో తెలుగు. డాక్టర్ క్లైన్! చేతిలో సైలెన్సర్ పిస్టల్. "పెట్టె మళ్లీ లోపల పెట్టు. ప్రొఫెసర్, మీరు గోడవైపు తిరగండి."

కాశీనాథ్ చేతులెత్తాడు. ఎత్తుతూ ఎత్తుతూ ఎర్ర బటన్ నొక్కాడు. క్లైన్ ఆశ్చర్యంగా తన చొక్కా వంక చూసుకుని, మెట్ల మీదుగా జారి నీళ్లలో మునిగిపోయాడు. పైన అతని మనుషుల కారు స్టార్టయి దూసుకుపోయింది.

"గా గుండు నాకోసం తెచ్చిందే కదా?" అంది ప్రభావతి.

అతను పెట్టె వైపు చెయ్యి చాచాడు.

"నాకు ఎరికే. ఆళ్లు వదిలినా మీరు వదలరు. మీరు వదిలినా ఆళ్లు వదలరు."

"పెట్టె నాకివ్వండి."

"ఏలు మార్చే సందులనే పేలుతది."

కెమెరా బెల్టు తీసి మీటకు కట్టబోయాడు. తడి ఇనుము మీద తోలు జారిపోయింది. మళ్లీ కట్టాడు. మళ్లీ జారింది.

"నీళ్లలోకి విసిరేస్తే?"

"ఎంత దూరం ఇసురుతరు? కట్ట అడుగునే పడుతది." ఆమె కళ్లు మండపానికి కట్టేసి ఉన్న పుట్టి మీద పడ్డాయి. చేపలు పట్టేవాళ్ల గుండ్రటి వెదురు పడవ. "చెరువు నడిమిట్ల పేలితే కట్టకేం గాదు. ఉత్తదే తోస్తే గాలికి మళ్ల ఇటే కొట్టుకొస్తది. ఒకలు తెడ్డు ఎయ్యాలె."

"నేనూ వస్తాను. తెడ్డు నేను వేస్తాను."

"మీరొస్తే గా ఆడోళ్లను ఎవరు లేపాలె?" ఆమె అప్పటికే పుట్టిలో కూర్చుంది. పెట్టె ఒళ్లో ఉంది. నల్లకళ్లద్దాలు తీసి నీళ్లలో పడేసింది. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్లు. "చిన్నాయన పడిపోయిన నాడు నేను కారులో ఉన్న. క్లైన్ పక్కన కూసొని నవ్విన. నవ్వకుంటే అనుమానం వస్తదని. గా నవ్వు నా మొకం మీదికెల్లి పోతలేదు సారూ. జల్దీ తొయ్యండి."

కాశీనాథ్ మోకాలిలోతు నీళ్లలోకి దిగి, రెండు చేతులతో పుట్టిని తోశాడు. అది గిర్రున ఒక చుట్టు తిరిగి, ఆమె ఒంటిచేత్తో వేసిన తెడ్డుకు లొంగి, ముందుకు కదిలింది.

అతను మెట్లెక్కి పరిగెత్తాడు. "లేవండి! పరిగెత్తండి! బాంబు!"

"బట్టలో సారూ?" అంది సంగమ్మ.

ఆమెను చెయ్యి పట్టి ఈడ్చాడు. మిగతావాళ్లు పిల్లల్ని చంకనేసుకుని పరిగెత్తారు. గుమ్మటం గోడ చాటుకు చేరి కాశీనాథ్ వెనక్కి తిరిగాడు. ఎండలో మెరుస్తున్న నీటి మధ్య చందనపు రంగు చుక్క. అది తెడ్డు వెయ్యడం ఆపింది.

చెరువు నిట్టనిలువుగా లేచి పడింది. అలలు కట్టను తన్ని, మెట్లమీది బట్టల్నీ, మండపంలోని పావురాల్నీ ఎగరగొట్టి, వెనక్కి తగ్గాయి. కట్ట నిలిచింది. పల్లంలో ఫ్యాక్టరీ భోజనాల సైరన్ ఎప్పటిలాగే కూసింది.

సాయంత్రం పోస్టాఫీసు నుంచి ట్రంక్ కాల్ చేశాడు.

"కంగ్రాచులేషన్స్," అన్నాడు నరసరాజు. "ఆమె ఫైల్?"

"క్లోజ్ సార్."

"నువ్వేనా?"

కాశీనాథ్ తన అరచేతుల వంక చూసుకున్నాడు. పుట్టి అంచుల తారు ఇంకా అంటుకునే ఉంది.

"నా చేతులతోనే సార్."

బయట ఊరంతా మసాలా వాసన. పేలుడుకి చచ్చి తేలిన చేపల్ని జనం గంపలకొద్దీ మోసుకెళ్లారు. సేట్ శవం లేచిన వీధిలో కూడా పులుసు ఉడుకుతోంది. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. యుద్ధకాలంలో వంకాయ ధర కూడా పిరమే.

రహస్యం దాచాలి కాబట్టి కాగితాల మీద వేరే కథ రాశారు: సాకి చెరువులో గుర్తు తెలియని స్త్రీ చట్టవిరుద్ధంగా డైనమైట్ తూటాలు పేల్చి చేపలు పట్టినందున కేసు నమోదైనది, నిందితురాలు పరారీలో ఉన్నది.

సర్కారు మాట నిజమైతే బాగుండునని కాశీనాథ్‌కి అనిపించింది తన సర్వీసు మొత్తంలో ఆ ఒక్కసారే.